పడవ లేని కూత

మా ఇంట్లో పదకొండేళ్లుగా
చేప మీద నిమ్మకాయ పిండం.
ఎందుకని చుట్టాలడిగితే
అమ్మ ఏదో ఒకటి చెబుతుంది,
కడుపులో పుండనో, పళ్లు జివ్వుమంటాయనో.

తమ్ముడు అదెరీతు గోడలకు నీలం పలకలు అతికేవాడు,
పోర్టోలో, నది వైపు దిగే వీధుల్లో.
మూడు అతికి, నాలుగోది చేతిలో ఉంచుకునే
రెండడుగులు వెనక్కి వేసి చూసి
తనలో తను నవ్వుకునేవాడు.
ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వస్తోందో
అప్పట్లో ఎవరికి కావాలి?

తర్వాత గోధుమరంగు పొడి వచ్చింది.
వెంట ఒక చెంచా, ఒక లైటరు,
ఒక నిమ్మచెక్క.

డాక్టర్ తెయొదోరా వాడి తల లోపలి బొమ్మ చూపించింది.
ధగధగలాడాల్సిన చోట
నివురు గప్పినట్టుంది.
"డోపమైనంటే సుఖం అనుకుంటారు.
కాదు. సుఖం వస్తోందని ముందే కేకేసేది అది" అంది.

నాకు మా రేవు గుర్తొచ్చింది.
నా చిన్నప్పుడు
పడవ ఒడ్డు చేరకముందే ఫ్యాక్టరీ కూత వేసేది.
చేప కనబడదు, వాసనైనా రాదు,
అయినా ఆడవాళ్లంతా ఏప్రాన్లు ముడేసుకుంటూ
చెప్పులు చేతబట్టుకుని పరుగు.
మొదట్లో చేపను చూసి వేసేవారట కూత.
తర్వాత పడవను చూసి.
ఆ తర్వాత పొగను చూసి.
చివరికి
నీటి అంచున నల్లచుక్క చాలు.
ఆ ఫ్యాక్టరీ మూసి ఇరవయ్యేళ్లు.
అమ్మ ఇప్పటికీ చీకటితో లేచి
ఏప్రాన్ తడుముకుంటుంది.

"రోజూ వచ్చేంతే వస్తే కూత వేయదు,
అనుకున్నదానికన్నా ఎక్కువొస్తేనే" అంది డాక్టరు.
"ఈ పొడి దొంగలెక్క రాస్తుంది.
ప్రతిసారీ, ఖాళీ వలకి కూడా,
అనుకున్నదానికన్నా ఎక్కువే అని రాస్తుంది."

అంతలా మోగితే ఊరేం చేస్తుంది?
చెవుల్లో దూది పెట్టుకుంటుంది.
ఇక పలకల నీలం వినబడదు.
అమ్మ పిలుపు వినబడదు.
నా పెళ్లినాడు వాడు గోడకానుకుని
గోడలాగే నిలబడ్డాడు.
ఎంత తిట్టానో.

మొన్న సెయింట్ జాన్ రాత్రి.
వాడు మానేసి పద్నాలుగు నెలలు.
వీధంతా సార్డీన్ల పొగ,
పిల్లలు ప్లాస్టిక్ సుత్తులతో
కనబడ్డ తలనల్లా కొడుతున్నారు.
వాడి తల మీదా కొట్టారు. నవ్వాడు.
నిజంగా నవ్వాడు, నేను చూశాను.

పక్కింటి జెర్వాజియు
నిప్పుల మీద చేపకి నిమ్మకాయ పిండాడు.

అంతే.
కళ్లు నల్లబడ్డాయి.
కుడిచెయ్యి దానంతటదే
ఎడమ మోచేతి మడత వెతుక్కుంది.
మెట్ల మీద కూలబడి గొణిగాడు:
"దాని మీద ఇష్టం చచ్చి పదేళ్లయిందక్కా.
'కావాలి' ఒక్కటే చావడం లేదు."

ఏం చెప్పను?
చేపలు తూచే మనిషిని,
మెదడు తూచడం రాదు.
పక్కన కూర్చుని
వాడి చెవిలో అన్నాను: పడవ రాలేదురా.
మళ్లీ అన్నాను: పడవ లేదు, కూత మాత్రమే.
ఎన్నిసార్లన్నానో.
పొగ పలచబడింది, సుత్తులు అలసిపోయాయి,
నది మీద టపాకాయలు పేలి
ఆరిపోయాయి.
వాడి ఒళ్లు చెమటతో ముద్దయింది.
కానీ లేవలేదు. మెట్టు దిగలేదు.

పొద్దున బట్టలు ఉతకబోతే
వాడి కోటు జేబులో
సగం నిమ్మచెక్క.

ఓడిపోవడానికి దాచాడో
ఓడనని చూసుకోవడానికి దాచాడో.
అడగబోయి
ఊరుకున్నాను.
మెథడోన్ వ్యాను తొమ్మిదింటికి
వంతెన కింద ఆగుతుంది.
ఎనిమిదిన్నరకే చొక్కా ఇస్త్రీ చేసి
కుర్చీకి తగిలించాను.
నిమ్మచెక్క ఎక్కడుందో అక్కడే ఉంచాను.
నా వేళ్లు మాత్రం
ఇంకా వాసనొస్తున్నాయి.